జఠరాగ్ని రహస్యం

లోకం అంధుని చూసి జాలిపడుతుంది. జ్వరపీడితుని పరామర్శిస్తుంది. స్థూలకాయుని చూసినప్పుడు మాత్రం నవ్వుతుంది. నాటకాల్లోనూ చలనచిత్రాల్లోనూ హాస్యపాత్రకు మొట్టమొదట తగిలించే అలంకారం పెద్ద పొట్ట. తరగతిలో లావుగా ఉన్న విద్యార్థికి ఒక మారుపేరు పెట్టడానికి తోటివారికి ఒక్క రోజు పట్టదు. ఈ నవ్వు వెనుక ఒక తీర్పు దాగి ఉంది. అతడు తిండిపోతు, సోమరి, నోరు కట్టుకోలేనివాడు; కనుక ఆ దేహం అతడు చేజేతులా తెచ్చుకున్నదే అన్నది ఆ తీర్పు. అది ఎంతవరకు న్యాయమైనదన్న ప్రశ్నకు ఏడు దశాబ్దాలకు పైగా జన్యుశాస్త్రజ్ఞులు సమాధానం వెదుకుతున్నారు.

ఈ ప్రశ్న మన పూర్వులకు తట్టకపోలేదు. చరకసంహిత సూత్రస్థానంలో లోకం నిందించే ఎనిమిది విధాల దేహాలను గూర్చి ఒక అధ్యాయం ఉంది. వాటిలో అతిస్థూలం ఒకటి. దానికి కారణాలుగా అతిభోజనాన్ని, తీపి పదార్థాలను, వ్యాయామం లేకపోవడాన్ని, పగటినిద్రను, ఏ చింతా లేకుండా ఉండటాన్ని వరుసగా పేర్కొన్న గ్రంథకర్త చిట్టచివర బీజస్వభావాన్ని కూడ చేర్చాడు. అంటే తల్లిదండ్రుల నుండి సంక్రమించిన గుణమన్నమాట. అంతేకాదు, స్థూలకాయునికి ఆకలి అధికంగా ఉంటుందని, అది దేహం లోపలి అగ్ని ప్రజ్వరిల్లడం వలన కలుగుతుందని వివరించాడు. భీమునికి గల వృకోదరుడన్న పేరుకు తోడేలు కడుపు వంటి కడుపు గలవాడని ఒక వ్యుత్పత్తి. వృకమనే అగ్ని ఉదరంలో గలవాడని మరొక వ్యుత్పత్తి. రెండవ అర్థాన్ని అంగీకరిస్తే భీముని తిండికి భీముణ్ణి తప్పుపట్టడానికి వీలులేదు. అయితే ఇంతమాత్రాన ఆధునిక జన్యుశాస్త్రమంతా చరకునికి ముందే తెలుసునని చంకలు గుద్దుకోవడం తగదు. ఆయన చేసింది నిశితమైన పరిశీలన. ఆ బీజం ఏమిటో, ఆ అగ్నిని రగిల్చేది ఏమిటో చూపించాలంటే ప్రయోగం కావాలి.

ప్రయోగానికి ఎదురైన తొలి చిక్కు ఇది. లావైన తల్లిదండ్రులకు లావైన పిల్లలు పుట్టడం అందరూ చూసేదే. కాని ఆ పిల్లలకు తల్లిదండ్రులు ఇచ్చింది బీజం ఒక్కటే కాదు, వంటఇల్లు కూడ. ఒకే ఉట్టిమీది వెన్న తిన్నవారు ఒకే తీరున బలిస్తే తప్పు వెన్నదా, వంశానిదా? ఈ రెంటినీ విడదీసే అవకాశం డెన్మార్కు దేశంలోని దత్తత రికార్డులలో దొరికింది. పసితనంలోనే పరాయి ఇళ్లకు దత్తత వెళ్లి పెరిగి పెద్దవారైన 540 మంది దేహభారాలను అమెరికా వైద్యుడు ఆల్బర్ట్ స్టంకార్డ్, ఆయన సహచరులు పరిశీలించి 1986లో ఫలితాలు ప్రకటించారు. దత్తపుత్రుల దేహస్థితి తమకు అన్నంపెట్టి పెంచిన తల్లిదండ్రులను పోలలేదు. తాము ఎరుగని కన్న తల్లిదండ్రులనే పోలింది. అదే పరిశోధకుడు 1990లో వేర్వేరు ఇళ్లలో పెరిగిన సమరూప కవలల గూర్చి మరొక అధ్యయనం వెలువరించాడు. కలసి పెరిగిన కవలలు ఎంతగా ఒకరినొకరు పోలి ఉన్నారో, విడిపోయి పెరిగిన కవలలు కూడ దాదాపు అంతగానే పోలి ఉన్నారు. మనుషుల దేహభారాలలో కనిపించే తేడాలలో సుమారు 70 శాతం వంశానుగతమని ఆ లెక్క తేల్చింది. ఇక్కడ ఒక పొరపాటుకు తావుంది. ఒక మనిషి బరువులో 70 శాతం జన్యువులు, 30 శాతం తిండి అని దీని అర్థం కాదు. మనిషికీ మనిషికీ మధ్యనున్న వ్యత్యాసానికి సంబంధించిన లెక్క ఇది.

వంశానుగతమని తేలినంత మాత్రాన ఆ వారసత్వం దేహంలో ఏ పని చేస్తున్నదో తెలియదు. దాన్ని తెలిపినది ఒక ఎలుక. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో సముద్రతీరాన బార్ హార్బర్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి జాక్సన్ ప్రయోగశాల ఎలుకల పెంపకానికి ప్రసిద్ధి. 1949లో అక్కడి ఎలుకల గుంపులో అసాధారణంగా బొద్దుగా ఉన్న ఎలుకలు కొన్ని కనిపించాయి. అవి నిరంతరం తినేవి, కదలడానికి బద్ధకించేవి. వాటి బరువు తోటి ఎలుకల బరువుకు మూడు రెట్ల వరకు చేరేది. ఈ లక్షణం ఒకే ఒక జన్యువులోని లోపం వలన సంక్రమిస్తున్నదని పెంపకపు లెక్కలు చెప్పాయి. దీనికి స్థూల ఎలుక అని పేరు పెట్టవచ్చు. 1960ల నడుమ అదే ప్రయోగశాలలో మరొక రకం లావు ఎలుక బయటపడింది. దీనికి స్థూలత్వంతో పాటు తీవ్రమైన మధుమేహం కూడ ఉండడంతో ఇది మధుమేహ ఎలుక అయింది. రెండూ చూడటానికి ఒక్క తీరుగానే ఉన్నా వాటి లోపాలు వేర్వేరు జన్యువులలో ఉన్నాయి.

ఆ ప్రయోగశాలలో పనిచేస్తున్న కెనడా దేశస్థుడు డగ్లస్ కోల్‌మన్ ఈ ఎలుకలతో ఒక విచిత్రమైన ప్రయోగం చేశాడు. రెండు ఎలుకలను పక్కపక్కన చేర్చి, ప్రక్కల వెంబడి చర్మాన్ని కలిపి కుట్టి, ఒకదాని రక్తం మరొకదానిలోనికి ప్రసరించే విధంగా జంట చేశాడు. చదువుతుంటేనే ఒళ్లు జలదరించే పని ఇది. కాని రక్తంలో ప్రవహించే ఏదో ఒక పదార్థం ఆకలిని శాసిస్తున్నదా అన్న ప్రశ్నకు ఆనాడు మరొక మార్గం లేదు.

మొదట మధుమేహ ఎలుకను మామూలు ఎలుకతో జతచేశాడు. లావు ఎలుక మామూలు ఎలుకను కూడ లావెక్కిస్తుందని ఎవరైనా ఊహిస్తారు. జరిగింది వేరు. కొద్ది వారాలలోనే మామూలు ఎలుక తిండి మానివేసి, శుష్కించి మరణించింది. ఎదుట ఆహారం ఉండగానే అది ఆకలితో చచ్చింది. మధుమేహ ఎలుక మాత్రం ఎప్పటివలెనే తింటూ ఉంది. తరువాత స్థూల ఎలుకను మామూలు ఎలుకతో జతచేస్తే, స్థూల ఎలుక తిండి తగ్గించి బరువు పెరగడం మందగించింది. మామూలు ఎలుకకు ఏమీ కాలేదు. చివరగా రెండు లావు ఎలుకలను ఒకదానితో ఒకటి జతచేశాడు. స్థూల ఎలుక తిండి మాని చిక్కి చనిపోయింది. మధుమేహ ఎలుక చెక్కుచెదరలేదు.

ఈ మూడు ఫలితాలకు కోల్‌మన్ చేసిన సమన్వయం తర్కశాస్త్రంలో ఉదాహరణగా చెప్పదగినది. ఇక చాలు, తిన్నది చాలు అని మెదడుకు చెప్పే ఒక సందేశం రక్తంలో ఉంది. మామూలు ఎలుకలో ఆ సందేశం పుడుతుంది, అందుతుంది కూడ. స్థూల ఎలుకలో సందేశం అసలు పుట్టదు, కాని ఎవరైనా పంపితే అందుకోగలదు. అందుకే పొరుగు ఎలుక రక్తం తగలగానే తిండి తగ్గించింది. మధుమేహ ఎలుకలో సందేశం పుట్టలేక కాదు, వినే చెవి లేదు. వినబడక, మరింత గట్టిగా అరుస్తూ, అది ఆ పదార్థాన్ని కుప్పలుతెప్పలుగా తయారుచేస్తుంది. ఆ కేకలన్నీ రక్తం ద్వారా పక్కనున్న ఎలుకకు చేరి, దాని ఆకలిని సమూలంగా చంపివేశాయి.

1970ల మొదట్లో ఈ వాదం వెలువడినప్పుడు శాస్త్రలోకం చాలావరకు పెదవి విరిచింది. స్థూలత్వం ప్రవర్తనకు సంబంధించిన దోషమని, ఏదో రక్తంలోని ద్రవం వలన కలిగేది కాదని నాటి పండితుల విశ్వాసం. కోల్‌మన్ ఆ పదార్థాన్ని వేరుచేసి చూపించలేకపోయాడు. దానికి మరొక ఇరవై సంవత్సరాలు పట్టింది. న్యూయార్క్‌లోని రాక్‌ఫెలర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం సుమారు ఎనిమిదేళ్లు శ్రమించి స్థూల ఎలుకలోని లోపభూయిష్టమైన జన్యువును పట్టుకుని 1994 డిసెంబరులో ప్రకటించింది. జన్యువులు నాలుగు అక్షరాల లిపిలో రాసిన వాక్యాల వంటివి. ఆ ఎలుక వాక్యంలో ఒకే ఒక అక్షరం మారడం వలన నడుమ అకాలంగా పూర్ణవిరామం పడి, వాక్యం అసంపూర్తిగా ఆగిపోయింది. ఆ జన్యువు తయారుచేసే పదార్థానికి సన్నదనం అనే అర్థం గల గ్రీకు మాటనుండి లెప్టిన్ అని పేరు పెట్టారు. మరుసటి ఏడాది, 1995లో, దానిని అందుకునే గ్రాహకం కూడ దొరికింది. మధుమేహ ఎలుకలో చెడినది సరిగ్గా అదే. కోల్‌మన్ ఊహ అక్షరాలా నిజమైంది. ఫ్రీడ్‌మన్‌తో కలిసి ఆయన 2010లో లాస్కర్ పురస్కారం స్వీకరించాడు.

లెప్టిన్ పుట్టే చోటు అందరినీ ఆశ్చర్యపరచింది. అది పుట్టేది కొవ్వులోనే. అంతవరకు కొవ్వును ఉలుకూ పలుకూ లేని గిడ్డంగిగా భావించేవారు. నిజానికి ఆ గిడ్డంగి తనలో ఎంత సరుకున్నదో మెదడులోని హైపోథాలమస్ అనే భాగానికి అనుక్షణం లెక్క పంపుతూ ఉంటుంది. నిల్వ తగ్గితే లెప్టిన్ తగ్గుతుంది. వెంటనే మెదడు కరువు వచ్చిందని భావించి ఆకలిని పెంచుతుంది, దేహం ఖర్చుచేసే శక్తిని కుదిస్తుంది. పట్టుదలతో ఉపవాసాలు చేసి పది కిలోలు తగ్గినవాడు మళ్లీ పూర్వస్థితికి రావడం సంకల్పబలం చాలక అని లోకం అంటుంది. అతడు పోరాడుతున్నది తన జిహ్వతో మాత్రమే కాదు. కరువుల కాలంలో ప్రాణం నిలిపిన ఒక ప్రాచీన రక్షణవ్యవస్థతో.

ఎలుకల సంగతి మనుషులకు వర్తిస్తుందా అన్న సందేహం 1997లో తీరింది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో స్టీఫెన్ ఒరాహిలీ, సదఫ్ ఫరూఖీల బృందం ఇద్దరు చిన్నపిల్లలను పరీక్షించింది. వారు పాకిస్తాన్ మూలాలు గల ఒకే కుటుంబానికి చెందిన దగ్గరి బంధువులు. ఎనిమిదేళ్ల బాలిక 86 కిలోలు, రెండేళ్ల బాలుడు 29 కిలోలు తూగేవారు. పుట్టినప్పుడు ఇద్దరూ మామూలు శిశువులే. కొద్దినెలలకే ఎంత పెట్టినా తీరని ఆకలి మొదలైంది. ఇంత బరువున్న బిడ్డను చూసినప్పుడు ఎవరైనా మొదట ఎవరిని నిందిస్తారో వేరే చెప్పనక్కరలేదు, తల్లినే. పరీక్షలో ఆ పిల్లల రక్తంలో లెప్టిన్ దాదాపు లేదని తేలింది. వారి జన్యువులో ఒకే ఒక అక్షరం రాలిపోయింది.

ఆ బాలికకు తొమ్మిదేళ్లు వచ్చి, బరువు 94 కిలోలు దాటిన సమయంలో ప్రయోగశాలలో తయారైన లెప్టిన్‌ను రోజూ సూదిమందుగా ఇవ్వడం ప్రారంభించారు. కొద్దిరోజులకే ఆకలి శాంతించింది. ఏడాదిలో ఆమె 16 కిలోలకు పైగా తగ్గింది. ఈ ఫలితాలు 1999లో వెలువడ్డాయి. ఆమెకు ఎవరూ నిగ్రహం బోధించలేదు, నీతిశతకం వల్లింపజేయలేదు. లేని పదార్థాన్ని ఇచ్చారు, అంతే.

ఆ కుటుంబంలో దగ్గరి బంధువుల మధ్య వివాహాలు జరిగేవి. తెలుగువారికి ఈ మాట దగ్గర ఒక్క క్షణం ఆగవలసిన అవసరం ఉంది. ప్రతి జన్యువుకు తల్లినుండి ఒక ప్రతి, తండ్రినుండి ఒక ప్రతి వస్తాయి. లెప్టిన్ జన్యువులో ఒక ప్రతి చెడినా రెండవది చాలావరకు పని నెట్టుకొస్తుంది. రెండూ చెడినప్పుడే ఈ వ్యాధి. చెడిన ప్రతి ఒకటి ఒక తాత నుండి మనుమలకూ మనుమరాండ్రకూ చేరి, వారిలో ఇద్దరు మేనరికం చేసుకుంటే, వారి బిడ్డకు రెండు చెడు ప్రతులు కలిసే అవకాశం పెరుగుతుంది. లెప్టిన్ లోపం అత్యంత అరుదైనదే. కాని ఇదే సూత్రం మరెన్నో వ్యాధులకు వర్తిస్తుంది.

ఈ కథ విని లావుగా ఉన్నవారందరికీ లెప్టిన్ ఇస్తే సరిపోతుందని ఆశపడినవారు లేకపోలేదు. 1995లో ఒక అమెరికా ఔషధ సంస్థ రెండు కోట్ల డాలర్లు చెల్లించి దాని హక్కులు పొందింది. ఆశ ఫలించలేదు. సామాన్య స్థూలకాయులలో లెప్టిన్ కొరత లేదు సరికదా, పుష్కలంగా ఉంది. వారి మెదడే దాని మాటను సరిగా లెక్కచేయదు. వారి స్థితి స్థూల ఎలుకకు కాక మధుమేహ ఎలుకకు చేరువ అన్నమాట. అప్పుడు శాస్త్రజ్ఞులు లెప్టిన్ మాట మెదడులో ఏ దారిన సాగుతుందో పరిశీలించారు. ఆ దారి చివర ఎం.సి.4.ఆర్. అనే మరొక గ్రాహకం ఉంది. 1998లో కేంబ్రిడ్జి, ప్యారిస్ బృందాలు దీనిలోని లోపాలను స్థూలకాయులలో గుర్తించాయి. బాల్యంనుండే అతిస్థూలులైన 500 మందిని పరీక్షించగా 29 మందిలో ఈ ఒక్క జన్యువే చెడి ఉన్నట్లు 2003లో తేలింది. లెప్టిన్ గ్రాహకం లేనివారికి లెప్టిన్ ఇచ్చి లాభం లేదు. కాని ఆ అడ్డంకిని దాటి సూటిగా ఈ చివరి గ్రాహకాన్నే మేల్కొలిపే సెట్‌మెలనోటైడ్ అనే మందుకు 2020లో అమెరికా అనుమతినిచ్చింది. బార్ హార్బర్ మధుమేహ ఎలుకకు దొరకని ఉపాయం ఆ లోపం గల మనుషులకు దొరికింది.

ఇవన్నీ అరుదైన సందర్భాలు. మన వీధిలో, మన ఇంట్లో కనిపించే స్థూలకాయానికి ఇట్లా ఒక్క జన్యువును దోషిగా నిలబెట్టడం కుదరదు. 2007లో బ్రిటిష్ పరిశోధకులు మధుమేహ కారణాలను వెదకుతూ ఎఫ్.టి.ఓ. అనే జన్యువు దగ్గర ఒక అక్షరభేదాన్ని గమనించారు. ఆ అక్షరం రెండు ప్రతులలోనూ ఉన్నవారు, అసలు లేనివారికంటె సగటున మూడు కిలోలు అధికంగా తూగారు. ఐరోపావాసులలో దాదాపు ఆరుగురికి ఒకరు ఇటువంటివారు. తరువాత సుమారు ఏడు లక్షల మందిని పరిశీలించి 2018లో వెలువరించిన అధ్యయనంలో ఇటువంటి అక్షరభేదాలు 941 తేలాయి. అన్నింటినీ కూడినా మనుషుల మధ్యనున్న తేడాలో వివరించగలిగింది సుమారు 6 శాతమే. కవలల లెక్క చెప్పిన 70 శాతానికీ దీనికీ మధ్య చాలా దూరం ఉంది. వాటిలో హెచ్చుభాగం కడుపులో కాక మెదడులో పనిచేసే జన్యువులకు సంబంధించినవి కావడం గమనార్హం.

జన్యువు నుదుటిరాత కాదు. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణవాసుల కుటుంబాలను తరతరాలుగా పరిశీలిస్తున్న అధ్యయనంలో ఎఫ్.టి.ఓ. ప్రభావం 1942 తరువాత పుట్టినవారిలోనే ప్రస్ఫుటంగా కనిపించింది. అంతకుముందు పుట్టినవారిలోనూ ఆ అక్షరం ఉంది, కాని దానికి అవకాశం ఇచ్చే తిండి, కూర్చుని చేసే ఉద్యోగం, ఇంటిముందు కారు లేవు. రెండు లక్షలకు పైగా వయోజనుల వివరాలు క్రోడీకరించి 2011లో ప్రకటించిన మరొక పరిశీలన, శారీరక శ్రమ చేసేవారిలో ఈ జన్యువు వలన కలిగే స్థూలకాయపు ముప్పు సుమారు నాలుగోవంతు తగ్గుతుందని చూపింది. విత్తనం ఒక్కటే, అది మొలిచేదీ మొలవనిదీ నేలనుబట్టి, నీటినిబట్టి ఉంటుంది. రెండు తరాలలో మనిషి జన్యువులు మారలేదు, నేల మారింది.

భారతీయుల విషయంలో తూకంయంత్రమే మోసం చేస్తుంది. దేహభారాన్ని కిలోలలో తీసుకుని, ఎత్తును మీటర్లలో వర్గం చేసి భాగిస్తే వచ్చే సంఖ్యను బి.ఎం.ఐ. అంటారు. పుణెకు చెందిన వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన వైద్యుడు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఛాయాచిత్రం 2004లో ఒక ప్రసిద్ధ వైద్యపత్రికలో అచ్చయింది. ఇద్దరి బి.ఎం.ఐ. 22.3. ఇద్దరూ చూడటానికి సన్నటివారే. కాని యుడ్కిన్ దేహంలో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ దేహంలో 21.2 శాతం. మన దేశంలో బక్కపలుచని మనిషికి కూడ నడివయసులోనే మధుమేహం రావడానికి గల ఒక కారణం ఇందులో ఉంది. అందువలననే ప్రపంచ ఆరోగ్య సంస్థ సాధారణ పరిమితిగా పాటించే 25 కంటె తక్కువగా, 23 వద్దనే ఆసియావాసులు జాగ్రత్తపడాలని నిపుణులు 2004లో సూచించారు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లో గిరిరాజ్ చాండక్ బృందం యాజ్ఞిక్ తదితరులతో కలిసి మధుమేహానికి సంబంధించిన జన్యువులను భారతీయులలో పరిశీలించింది. ఎఫ్.టి.ఓ.కు మధుమేహంతో గల సంబంధం, బరువు లెక్కను పక్కన పెట్టినా, మనవారిలో పూర్తిగా మాసిపోలేదని 2009లో ప్రకటించింది. ఐరోపావాసులకు సరిపోయిన సూత్రాలను మనకు యథాతథంగా తగిలించుకోవడం కుదరదన్నమాట.

ఈ లోపలి కొవ్వు ఎప్పుడు చేరుతుంది? యాజ్ఞిక్ దీనిని వెదకుతూ పుణె దగ్గరి ఆరు పల్లెలలోని గర్భిణుల వద్దకు వెళ్లాడు. 1990లలో అక్కడ పుట్టిన శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో పుట్టినవారిది 3.5 కిలోలు. పల్లె శిశువులలో కండ తక్కువ, పొట్ట చిన్నది, అన్నీ తక్కువే. చర్మం కింది కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. పొలంపనికి పోయి, సరైన తిండి లేని తల్లి గర్భంలోనే బిడ్డ దేహం కండను వదులుకుని కొవ్వును కాపాడుకుందని ఆయన భావించాడు. కాబట్టి బీజానికీ వంటఇంటికీ నడుమ గర్భం అనే మూడవ స్థలం ఒకటుంది.

ఆ శిశువులను పరిశోధకులు విడిచిపెట్టలేదు. ఏళ్ల తరబడి వారిని తూచారు, కొలిచారు, రక్తం పరీక్షించారు. 2012లో, వారు ఇంటర్మీడియట్ చదివే వయసుకు వచ్చినప్పుడు, యువతీయువకులిద్దరికీ బి-12 విటమిన్ మాత్రలు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ తరువాత వారికి పెళ్లిళ్లయ్యాయి. తరువాత ఆ పల్లెలలో తూకపుతక్కెడ మీద వారి బిడ్డలను పడుకోబెట్టి, కండ ఎంత, కొవ్వు ఎంత అని మళ్లీ లెక్క రాసుకున్నారు.